చేతి రేడియో రిమోట్‌తో క్రేన్‌ను ప్రమాదం లేకుండా నడపడం ఎలా

కేబుల్‌కు వేలాడే బటన్ల పెట్టెతో, అంటే పెండెంట్‌తో, ఓవర్‌హెడ్ క్రేన్ నడిపేటప్పుడు ఏ క్రేన్ కదులుతుందన్న అనుమానమే రాదు. పెండెంట్ దానికే తగిలించి ఉంటుంది. మీరు నిలబడే చోటు కూడా క్రేన్‌తో పాటే కదులుతుంది. పని వదిలేసి వెళ్లినా పెండెంట్ అక్కడే ఉంటుంది, మీ నడుముకు అంటిపెట్టుకుని రాదు. రేడియో రిమోట్ చేతికి రాగానే ఈ కట్టుబాట్లన్నీ తెగిపోతాయి. బరువుకు దూరంగా, మంచి చూపు ఉన్న చోట నిలబడగలగడం రిమోట్ ఇచ్చే నిజమైన భద్రత. కానీ పక్క క్రేన్‌ను కదిలించడం, బరువుకూ గోడకూ మధ్య ఇరుక్కోవడం, వంగినప్పుడు నడుముకున్న బటన్ నొక్కుకుపోవడం కూడా రిమోట్‌తోనే వచ్చే ప్రమాదాలు. కింద చెప్పే పద్ధతులన్నీ తెగిన కట్టుబాట్లను తిరిగి తెచ్చుకోవడానికే.

ఇక్కడ చెప్పేది బటన్లున్న చేతి రిమోట్‌తో నడిచే వర్క్‌షాప్ క్రేన్ గురించి. కాంక్రీట్ పంప్ బూమ్, వించ్, కన్వేయర్ లాంటి వాటికీ చాలా మటుకు ఇవే వర్తిస్తాయి. అయితే మీ మెషీన్ మాన్యువల్ వేరేగా చెబితే మాన్యువల్ మాటే నెగ్గాలి.

బటన్ నొక్కితే లోపల జరిగేది

ఇది తెలిస్తే మిగతా జాగ్రత్తలకు కారణాలు వాటంతటవే అర్థమవుతాయి.

రిమోట్ ఆన్‌లో ఉన్నంతసేపూ, మీరు ఏ బటన్ నొక్కకపోయినా, అది క్రేన్ మీదున్న రిసీవర్‌కు సందేశాలు పంపుతూనే ఉంటుంది. ప్రతి సందేశంలోనూ ఆ రిమోట్ సొంత గుర్తింపు కోడ్, ఏ బటన్లు నొక్కి ఉన్నాయన్న సమాచారం, సందేశం చెడిపోలేదని తేల్చే అంకెలు ఉంటాయి. కోడ్ కలవకపోయినా, లెక్క తప్పినా రిసీవర్ ఆ సందేశాన్ని పక్కన పడేస్తుంది. అందుకే పక్కనున్న వేరే రిమోట్ వల్లో, రేడియో గోల వల్లో మీ క్రేన్ తప్పు దిశలో కదలడం దాదాపు జరగదు. గోల ఎక్కువైతే జరిగేది ఒక్కటే, క్రేన్ ఆగిపోతుంది.

ఆ ఆగడం ఎలాగంటే, సరైన సందేశం కొంతసేపు రాకపోతే రిసీవర్ తన రిలేలను (లోపలి చిన్న స్విచ్‌లను) వదిలేస్తుంది. మెయిన్ కాంటాక్టర్, అంటే మోటార్లకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్, తెరుచుకుంటుంది, స్ప్రింగ్ బ్రేకులు పట్టుకుంటాయి. ఆ కొంతసేపు ఎంతన్నది మోడల్‌ను బట్టి సుమారు అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా ఉంటుంది. మీ రిమోట్ మాన్యువల్‌లో ఆ అంకె వెతికి పట్టుకోండి. నిమిషానికి 40 మీటర్ల వేగంతో వెళ్తున్న క్రేన్ ఒక్క సెకనులో 67 సెంటీమీటర్లు దాటిపోతుంది. బ్రేకు పట్టేది ఆ తర్వాతే. బరువుకూ మనిషికీ మధ్య ఉంచాల్సిన జాగా గురించి ఆలోచించేటప్పుడు ఈ లెక్క మనసులో ఉండాలి.

ఎర్ర పుట్టగొడుగు బటన్, అంటే ఎమర్జెన్సీ స్టాప్, ఇంతసేపు ఎదురు చూడదు. నొక్కగానే రిమోట్ ఆపమనే సందేశాన్నే పదేపదే పంపుతుంది, అందుకే క్రేన్ త్వరగా ఆగుతుంది. కానీ ఒక షరతు ఉంది. రిమోట్ ఆన్‌లో ఉండి, ఆ క్రేన్‌తో కలిసి ఉండాలి. స్విచ్ఛాఫ్ చేసిన రిమోట్ మీద ఎర్ర బటన్ ఎంత గట్టిగా నొక్కినా ఏమీ జరగదు. పనిచేయని రిమోట్‌ను బెంచీ మీదో, స్తంభానికో వదిలేయకూడదని చెప్పేది ఇందుకే. ప్రమాద సమయంలో ఎవరో పరిగెత్తుకొచ్చి దాన్ని నొక్కి, క్రేన్ ఆగుతుందని ఎదురు చూస్తారు.

ఇంకొక సంగతి అందరికీ తెలిసి ఉండాలి. రిమోట్ ఆఫ్ చేస్తే క్రేన్ ఆగుతుంది, అంతేగాని క్రేన్‌కు కరెంటు పోదు. క్రేన్‌కు కరెంటు అందించే బస్‌బార్లలో, ప్యానెల్‌లో, మెయిన్ కాంటాక్టర్ దాకా వోల్టేజీ అలాగే ఉంటుంది. క్రేన్ ఎక్కి ఏ పని చేయాలన్నా నేల మీది మెయిన్ ఐసోలేటర్ (కరెంటును పూర్తిగా తెంచే స్విచ్) ఆపి, తాళం వేసి, ట్యాగ్ కట్టి, వోల్టేజీ లేదని పరీక్షించాలి. రిమోట్ తాళంచెవి జేబులో పెట్టుకోవడం దీనికి బదులు కాదు.

షిఫ్ట్ మొదట్లో చేయాల్సిన పరీక్ష

ఖాళీ హుక్‌తో, కింద ఎవరూ లేని చోట చేయండి. అలవాటైతే ఐదారు నిమిషాల పని.

1. రిమోట్ మీదున్న క్రేన్ నంబరు, క్రేన్ గర్డర్ (పైనున్న అడ్డ దూలం) మీద రాసిన నంబరు ఒకటేనా చూడండి. రిమోట్ వెనక ప్లేటు మీది సీరియల్ లేదా ఐడీ నంబరు రిసీవర్ పెట్టె మీది నంబరుతో కలవాలి. స్టిక్కర్ చెరిగిపోయిన రిమోట్‌తో పని మొదలుపెట్టకండి.

2. పెట్టె పగిలిందా, బటన్ల మీది రబ్బరు చిరిగిందా చూడండి. చిరుగు చిన్నదే అనిపించవచ్చు. దాంట్లోంచి నూనె, ఇనుప పొడి లోపలికి వెళ్తే బటన్ నొక్కిన చోటే ఇరుక్కుపోతుంది. అంటే మీరు వేలు తీసేసినా క్రేన్ వెళ్తూనే ఉంటుంది.

3. రిమోట్ ఆఫ్‌లో ఉండగానే ప్రతి దిశ బటన్‌నూ రెండు మెట్లూ నొక్కి వదలండి. మొదటి మెట్టు నెమ్మది వేగం, రెండో మెట్టు పూర్తి వేగం. రెండు మెట్ల మధ్య తేడా వేలికి స్పష్టంగా తెలియాలి, వదలగానే బటన్ చప్పున పైకి రావాలి. ఎర్ర బటన్ నొక్కితే లోపలే నిలవాలి, తిప్పితేనే బయటకు రావాలి.

4. క్రేన్ మీద పెండెంట్, రిమోట్ రెండూ ఉంటే సెలెక్టర్ స్విచ్ రిమోట్ వైపు ఉందో లేదో చూడండి. రెండూ ఒకేసారి పనిచేస్తుంటే అది లోపమే, సరిచేసేదాకా నడపకండి.

5. క్రేన్ కనిపించేలా నిలబడి, ఎర్ర బటన్ తిప్పి వదిలి, తాళంచెవి తిప్పి, స్టార్ట్ నొక్కండి. మెయిన్ కాంటాక్టర్ టక్కుమని మూసుకున్న చప్పుడు మీ క్రేన్ నుంచే వచ్చిందా వినండి. ఆ వెంటనే హారన్ నొక్కండి. సరైన క్రేన్‌తోనే కలిశారని తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

6. పైకి, కిందికి, ట్రాలీ (గర్డర్ మీద హుక్‌ను మోసుకెళ్లే బండి) రెండు వైపులు, క్రేన్ రెండు వైపులు, ఈ ఆరు కదలికల్నీ మొదటి మెట్టులో కొద్దికొద్దిగా చూడండి. బటన్ మీది బాణం గుర్తుకూ కదలికకూ తేడా ఉంటే అక్కడే ఆపేయండి. ప్యానెల్‌లో పని చేశాక ఫేజులు, అంటే మోటారుకు కరెంటు తెచ్చే మూడు తీగలు, తారుమారైతే ఇలా జరుగుతుంది. అప్పుడు పైకి వెళ్లే హుక్‌ను ఆపాల్సిన లిమిట్ స్విచ్ కూడా పనికిరాకుండా పోవచ్చు, ఎందుకంటే అది ఆపేది 'పైకి' అనే కాంటాక్టర్‌ను. మోటారు తిరిగే దిశ దానికి తెలియదు.

7. హుక్‌ను నెమ్మది వేగంతో పై లిమిట్ దాకా తీసుకెళ్లండి. దానంతట అదే ఆగాలి. వేలు బటన్ మీంచి తీయడానికి సిద్ధంగా ఉండండి.

8. క్రేన్‌ను నెమ్మదిగా నడుపుతూ ఎర్ర బటన్ నొక్కండి. ఆగాక ఎర్ర బటన్ తిప్పి వదలండి. ఏదీ కదలకూడదు. ఇప్పుడు దిశ బటన్ నొక్కండి. అప్పుడూ కదలకూడదు. మళ్లీ స్టార్ట్ నొక్కాకే పనిచేయాలి.

9. రిమోట్ ఆపి, ఏదో ఒక దిశ బటన్ మొదటి మెట్టులో నొక్కి పట్టుకునే స్టార్ట్ చేసి చూడండి. క్రేన్ కదలకూడదు. ఇరుక్కుపోయిన బటన్‌తో ఎవరైనా స్టార్ట్ చేస్తే కాపాడేది ఈ ఏర్పాటే.

వారానికి ఒకసారి ఇంకో పరీక్ష చేర్చండి. ఖాళీ క్రేన్‌ను నెమ్మది వేగంతో నడుపుతూ, బటన్ వదలకుండానే బ్యాటరీ ఊడదీయండి. ఇద్దరుంటే సులువు. మాన్యువల్ చెప్పిన సమయంలోపు క్రేన్ ఆగాలి. తాళంచెవి తిప్పి ఆపడం ఈ పరీక్ష కిందకు రాదు. చాలా మోడళ్లలో తాళంచెవి తిప్పినప్పుడు కూడా రిమోట్ ఆపమనే సందేశం పంపి మరీ ఆగుతుంది. మనం చూడాల్సింది సందేశమే రానప్పుడు రిసీవర్ ఏం చేస్తుందన్నది.

పైవాటిలో ఒక్కటి తప్పినా రిమోట్‌ను పక్కన పెట్టి, క్రేన్‌కు ట్యాగ్ కట్టి చెప్పాల్సిన వాళ్లకు చెప్పండి. "నెమ్మదిగా వాడుకుందాంలే" అన్న సర్దుబాటుకు ఇక్కడ చోటు లేదు.

దిక్కులు, నిలబడే చోటు

రిమోట్‌తో జరిగే పొరపాట్లలో ముందు చెప్పుకోవాల్సింది దిక్కు తారుమారు. క్రేన్‌కు ఎదురుగా నిలబడినప్పుడు మీ కుడి వైపు వెళ్లే బటన్, మీరు అవతలికి నడిచి ఇటు తిరిగేసరికి మీ ఎడమ వైపు వెళ్లేది అవుతుంది. కాబట్టి బటన్ల మీద కుడి, ఎడమ అని రాయకూడదు. క్రేన్ గర్డర్ అడుగున పెద్ద అక్షరాలతో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం రాయించి, బటన్ల మీదా అవే పెట్టించండి. రంగు బాణాలైనా సరే, కింద నుంచి స్పష్టంగా కనిపించాలి. బటన్ నొక్కే ముందు తల ఎత్తి గర్డర్ మీది గుర్తు చూడండి, తర్వాత బటన్ మీది గుర్తు చూడండి, మొదటి మెట్టు మాత్రమే నొక్కండి. తప్పు దిక్కు అయితే రెండు మూడు సెంటీమీటర్లలోనే బయటపడుతుంది. నేరుగా రెండో మెట్టు నొక్కితే బయటపడేసరికి ఆలస్యమవుతుంది.

రిమోట్ రేంజి వంద మీటర్లు ఉండవచ్చు. మీరు అంత దూరం నుంచి నడపవచ్చని దానర్థం కాదు. బరువు, హుక్, బరువు వెళ్లే దారి, దిగే చోటు మీ కళ్లకు కనిపించినంతవరకే మీ హద్దు. కనిపించకపోతే సైగ చేసే మనిషిని పెట్టండి. సైగ ఒక్కరే చేయాలి. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాల్సిందే.

నిలబడే చోటు ఎంచుకోవడానికి మా సలహా ఇది. బరువు వెళ్లే దారికి పక్కన, కొంచెం వెనకగా ఉండండి. బరువు ఎంత ఎత్తు, ఎంత పొడవు ఉందో వాటిలో ఎక్కువైన దానికి మించిన దూరంలో ఉంటే, అది జారి పక్కకు ఒరిగినా మీ మీదకు వచ్చే అవకాశం తక్కువ. మీ వెనక గోడ, స్తంభం, సరుకు గుట్ట ఉండకూడదు. ఒక్క అడుగులో తప్పుకునే దారి ఖాళీగా ఉండాలి. బరువుకు ముందు వెనక్కి నడుస్తూ దాన్ని రప్పించుకోవడం చాలా మందికి అలవాటు. అది మానాల్సిన అలవాటు. మడమ తట్టి పడిపోతే బొటనవేలు బటన్ మీదే ఉంటుంది, పడేటప్పుడు మనిషి చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.

నడక మొదలుపెట్టే ముందు దారి మొత్తం ఒకసారి రిమోట్ ఆఫ్‌లో ఉండగానే నడిచి రండి. కేబుళ్లు, గోతులు, జారే చోట్లు అప్పుడే కనిపిస్తాయి. బరువు కదులుతున్నప్పుడు కళ్లు బరువు మీద ఉండాలి, పాదాల మీద కాదు.

బరువు కట్టేటప్పుడు

రిమోట్ వచ్చాక చాలా చోట్ల క్రేన్ నడిపే మనిషి, స్లింగ్ (బరువును హుక్‌కు తగిలించే తాడు లేదా గొలుసు) కట్టే మనిషి ఒక్కరే అయ్యారు. చేతివేళ్లు పోయే ప్రమాదాలకు ఇదే నెలవు, కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

చేతులు స్లింగ్ మీద పెట్టే ముందు ఎర్ర బటన్ నొక్కండి. ప్రతిసారీ. నడుముకు కట్టుకున్న రిమోట్ మీరు వంగినప్పుడు బరువు అంచుకో, మీ తొడకో నొక్కుకుపోతుంది. అప్పుడు మీ వేళ్లు స్లింగ్‌కూ బరువుకూ మధ్య ఉంటాయి. హుక్ నిమిషానికి 6 మీటర్ల వేగంతో లేస్తుందనుకుంటే సెకనుకు 10 సెంటీమీటర్లు. వేళ్లు తీసుకునేంత సమయం దొరకదు.

వరస ఇలా పెట్టుకోండి. హుక్‌ను బరువు మధ్యకు సరిగ్గా పైకి తెచ్చి దించండి. ఎర్ర బటన్ నొక్కండి. స్లింగ్ తగిలించండి, హుక్ నాలుక మూసుకుందా చూడండి. వెనక్కి జరగండి. ఎర్ర బటన్ తిప్పి, స్టార్ట్ చేసి, మొదటి మెట్టులో స్లింగ్ వదులు పోయేదాకా మాత్రమే ఎత్తండి. స్లింగ్ మెలిక పడితే చేత్తో సర్దడానికి వెళ్లేముందు మళ్లీ ఎర్ర బటన్. ఇంకొకరు స్లింగ్ పట్టుకుని ఉంటే వాళ్లు రెండు చేతులూ తీసి మీకు చూపించాకే ఎత్తాలి.

ఎర్ర బటన్‌ను మామూలుగా ఆపడానికి వాడకూడదని ఎవరైనా అంటే, వాళ్లు చెప్పేది క్రేన్ కదులుతున్నప్పటి సంగతి. కదులుతున్న క్రేన్‌ను ఎర్ర బటన్‌తో ఆపితే బ్రేకు ఒక్కసారిగా పట్టి బరువు ఊగుతుంది, బ్రేకు లైనర్లు త్వరగా అరుగుతాయి. నిలిచి ఉన్న క్రేన్‌ను కదలకుండా చేయడానికి నొక్కితే ఏ నష్టమూ లేదు. ప్రమాదం కనిపిస్తే మాత్రం కదులుతున్నా ఆలోచించకుండా నొక్కాల్సిందే.

మందపాటి తోలు చేతి తొడుగులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కుకుపోతాయి. స్లింగ్ కట్టడానికి అవే కావాలి. నడపడానికి బొటనవేలు బటన్‌ను గుర్తుపట్టగలిగేంత పల్చటివి వేసుకోండి.

ఎత్తడం, నడపడం, ఊగు ఆపడం

హుక్ బరువుకు నిట్టనిలువుగా ఉందో లేదో రెండు వైపుల నుంచీ చూడండి. పక్కకు ఉంటే ఎత్తగానే బరువు అటువైపు ఈడ్చుకుపోతుంది, వైర్ రోప్ డ్రమ్ గాడి తప్పుతుంది. బరువును 10 నుంచి 15 సెంటీమీటర్లు ఎత్తి ఆపండి. కొన్ని సెకన్లు చూడండి. జారుతుంటే బ్రేకు పట్టడం లేదు, వెంటనే దించేయండి. ఒక పక్కకు వాలుతుంటే దించి మళ్లీ కట్టండి. దారిలో ఉన్నవాటికి తగలనంత ఎత్తు చాలు, అంతకంటే ఎత్తొద్దు.

ఒకసారికి ఒక కదలిక అలవాటు చేసుకోండి. హాయిస్ట్ (బరువును ఎత్తే యంత్రం), ట్రాలీ, క్రేన్ మూడూ కలిపి నడపడం చేయి తిరిగాక, ఖాళీ జాగాలోనే. బటన్‌ను టకటకా నొక్కుతూ అంగుళం అంగుళం జరపడం కాంటాక్టర్లను కాల్చేస్తుంది, మోటారు వేడెక్కుతుంది. సన్నటి సర్దుబాటుకు మొదటి మెట్టు ఉంది, దాన్ని కాసేపు నొక్కి పట్టుకోండి.

బటన్ వదలగానే క్రేన్ నిలవదు. ఇన్వర్టర్ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఉన్న క్రేన్ నెమ్మదిస్తూ ఆగుతుంది. నిమిషానికి 40 మీటర్ల వేగం 3 సెకన్లలో సున్నాకు దిగితే ఆ లోపు ఒక మీటరు జరుగుతుంది. మీ క్రేన్ ఎంత జరుగుతుందో ఖాళీగా ఉన్నప్పుడు నేల మీద సుద్దతో గీసి కొలుచుకోండి.

ఊగడం బరువు మీద ఆధారపడదు, తాడు పొడవు మీద ఆధారపడుతుంది. హుక్ నుంచి కాకుండా పైన ట్రాలీ నుంచి బరువు మధ్య దాకా కొలవాలి. 4 మీటర్లుంటే ఒక ఊగు అటూ ఇటూ కలిపి దాదాపు 4 సెకన్లు, 9 మీటర్లుంటే 6 సెకన్లు. ఈ లయ పట్టుకుంటే ఊగు ఆపడం వస్తుంది. బయల్దేరేటప్పుడు మొదటి మెట్టు నొక్కండి, బరువు వెనకబడుతుంది. అది ముందుకు వచ్చి ట్రాలీ కిందకు చేరేటప్పుడు రెండో మెట్టు ఇవ్వండి. ఆపేటప్పుడు బరువు ముందుకు పోతుంది. అది ముందు అంచుకు చేరబోతుండగా అదే దిశలో ఒక చిన్న నొక్కు ఇస్తే ట్రాలీ దాని నెత్తి మీదకు చేరి ఊగు చచ్చిపోతుంది. వ్యతిరేక దిశలో నొక్కితే ఊగు పెరుగుతుంది. ఇది చేత్తో నేర్చుకోవాల్సిన విద్య, తేలికపాటి బరువుతో ఖాళీ బేలో (షెడ్‌లో క్రేన్ నడిచే భాగంలో) సాధన చేయండి. ఊగుతున్న బరువును పైకి ఎత్తకండి. తాడు పొట్టిదవుతున్న కొద్దీ ఊగే కోణం పెరుగుతుంది. చేత్తో పట్టి ఆపడానికి ప్రయత్నించకండి, తిప్పడానికి బరువుకు కట్టిన ట్యాగ్ లైన్ తాడు వాడండి.

బరువు వేలాడుతుండగా రిమోట్ ఇంకొకరికి ఇవ్వడం, ఫోన్ ఎత్తడం, బ్యాటరీ మార్చడం ఏదీ వద్దు. దించి, ఎర్ర బటన్ నొక్కి, అప్పుడు.

బటన్ వదిలినా ఆగకపోతే

మొదట ఎర్ర బటన్. ఆగిపోతే దిశ బటన్ ఇరుక్కుపోయి ఉండవచ్చు, లేదా ఆ దిశ రిలేనో కాంటాక్టరో అతుక్కుపోయి ఉండవచ్చు. ఎర్ర బటన్ నొక్కినా ఆగకపోతే మెయిన్ కాంటాక్టర్ కూడా అతుక్కుని ఉండవచ్చు. రిమోట్‌తో ఇక పని లేదు, నేల మీది మెయిన్ ఐసోలేటర్ దగ్గరకు పరిగెత్తండి, లేదా దాని దగ్గరున్న మనిషికి అరిచి చెప్పండి. అందుకే ఐసోలేటర్ ఎక్కడుందో ప్రతి ఆపరేటర్‌కూ తెలియాలి, దాని ముందు సరుకు పేర్చకూడదు.

వ్యతిరేక దిశ బటన్ నొక్కి ఆపాలని చూడకండి. రెండు దిశల కాంటాక్టర్ల మధ్య ఇంటర్‌లాక్ (రెండూ ఒకేసారి పడకుండా ఆపే ఏర్పాటు) ఉంటే అది పనిచేయనివ్వదు. ఇంటర్‌లాక్ పాడై ఉంటే ఫేజుకూ ఫేజుకూ షార్ట్ అవుతుంది. క్రేన్ ఆగిన తర్వాత "ఇప్పుడు బాగానే ఉంది" అని మళ్లీ స్టార్ట్ చేయకండి. అతుక్కున్న కాంటాక్టర్ చల్లబడి ఊడివచ్చినా, మళ్లీ అతుక్కుంటుంది.

ఉన్నట్టుండి ఆగిపోతుంటే

ఇది ప్రమాదం కన్నా చిరాకు, కానీ చిరాకే మనుషుల చేత భద్రతా ఏర్పాట్లను బైపాస్ చేయిస్తుంది. కారణం వెతకండి. రిసీవర్ ఆగే సమయాన్ని పెంచడం పరిష్కారం కాదు.

రిమోట్ కదిలించినప్పుడో, అరచేతికి తట్టినప్పుడో ఆగుతుంటే బ్యాటరీ కాంటాక్టులు చూడండి. స్ప్రింగ్ వదులు కావడం, మసి పట్టడం మామూలే. పొడి గుడ్డతో తుడిచి, స్ప్రింగ్ బిగుతు చూడండి. ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంటే అక్కడ పెద్ద ఇనుప అడ్డు ఉండి, తరంగాలు గోడలకు తగిలి తిరిగొచ్చి ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. రెండు అడుగులు పక్కకు జరిగితే పనిచేస్తే కారణం అదే. బే అంతటా తగ్గిన రేంజి కనిపిస్తే రిసీవర్ యాంటెన్నా చూడాలి. యాంటెన్నా ఇనుప ప్యానెల్ లోపల ఉండిపోవడం, గర్డర్‌కు ఆనుకోవడం, ఇన్వర్టర్ కేబుళ్ల పక్కనే వెళ్లడం, కనెక్టర్ వదులు కావడం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఒక ప్రత్యేక సమయంలో, లేదా ఇంకో క్రేన్ పనిచేస్తున్నప్పుడు మాత్రమే ఆగుతుంటే ఇద్దరిదీ ఒకే ఛానెల్ కావచ్చు. ఏ క్రేన్‌ది ఏ ఛానెల్ అన్న పట్టిక ఒకటి పెట్టుకుని, కనీసం పక్కపక్క క్రేన్లకు దూరపు ఛానెళ్లు ఇవ్వండి. ఏ ఫ్రీక్వెన్సీ వాడవచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది. 433 మెగాహెర్ట్జ్‌ది ఒకచోట సరే కావచ్చు, ఇంకోచోట కాకపోవచ్చు. కొనే ముందే తేల్చుకోవాలి.

కొన్ని నిమిషాలు ఏ బటన్ నొక్కకపోతే దానంతటదే ఆగే రిమోట్లు ఎక్కువ. అది లోపం కాదు, దాన్ని ఆపించకండి.

బ్యాటరీ, శుభ్రత

తక్కువ బ్యాటరీ దీపం మెరవడం మొదలైతే చేతిలో ఉన్న బరువును దించి మార్చండి. దీపం మెరిశాక ఎంతసేపు నడుస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది. పాత బ్యాటరీలో అది తగ్గిపోతుంది. పాత సెల్, కొత్త సెల్ కలిపి వేయకండి. చార్జ్ చేసే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 వోల్టులది, మామూలు ఆల్కలైన్ 1.5 వోల్టులది. ఆల్కలైన్ సెల్‌ను చార్జర్‌లో పెడితే కారుతుంది, పగలవచ్చు. లిథియం అయాన్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతుంది. పేలే గ్యాస్, ధూళి ఉండే చోట అందుకు సర్టిఫై చేసిన రిమోటే వాడాలి, అక్కడ బ్యాటరీ పెట్టె తెరవకూడదు.

పెట్టె మీద ఐపీ 65 అని ఉంటే ధూళి చొరబడదు, చిమ్మే నీటిని తట్టుకుంటుంది. ప్రెషర్ జెట్‌ను కాదు. తడి గుడ్డతో తుడవండి. థిన్నర్, పెట్రోలు రబ్బరును ఉబ్బించి పగలగొడతాయి.

పని ముగిసినప్పుడు

హుక్‌ను మనుషుల తలకు తగలని ఎత్తుకు తీసుకెళ్లి, క్రేన్‌ను నిలిపే చోట నిలిపి, ఎర్ర బటన్ నొక్కి, తాళంచెవి తీయండి. రిమోట్‌ను తాళం వేసే అలమారలో, ఆ క్రేన్ నంబరు రాసిన కొక్కేనికి తగిలించండి. ఎవరు తీసుకున్నారు, ఎవరు తిరిగి పెట్టారు అన్నది పుస్తకంలో రాయాలి. బండి డ్యాష్‌బోర్డు మీద, బరువు మీద, టేబుల్ సొరుగులో పెట్టొద్దు.

రిమోట్ మార్చినా, పోయినా

స్పేర్ రిమోట్‌కు కూడా పాతదాని కోడే ఉండవచ్చు. అప్పుడు రెండూ ఒకేసారి ఆన్ అయితే ఇద్దరు మనుషులు ఒకే క్రేన్‌ను లాగుతారు. స్పేర్ బయటకు తీసేముందు పాతదాని బ్యాటరీ తీసి, అలమారలో పెట్టి తాళం వేయండి. కొత్తది కలిపిన తర్వాత షిఫ్ట్ పరీక్ష మొత్తం మళ్లీ చేయండి. దానికి తోడు, కొత్త రిమోట్ ప్రతి బటన్ నొక్కినప్పుడు పక్క క్రేన్లు కదలడం లేదని ఒక మనిషి చూస్తూ ఉండాలి.

రిమోట్ పోతే, దొరుకుతుందిలే అని ఆగకండి. మొదట ఆ క్రేన్ మెయిన్ ఐసోలేటర్ ఆపి తాళం వేయండి. ఆ రిమోట్ ఎవరి చేతికి దొరికినా, క్రేన్ వాళ్లకు కనిపించకపోయినా, స్టార్ట్ నొక్కితే పనిచేస్తుంది. రిసీవర్‌లోంచి పాత కోడ్‌ను తొలగించి, కొత్త కోడ్‌తో వేరే రిమోట్ కలిపించాకే తాళం తీయాలి. పాత రిమోట్ ఆ తర్వాత దొరికితే, దాన్ని ఆన్ చేసి క్రేన్ కదలడం లేదని ఖాళీ బేలో రుజువు చేసుకుని, బ్యాటరీ తీసేసి, "రద్దు" అని రాసి విడిగా పెట్టండి.